యాంటీవైరస్ డబ్బా కథ: మన కంప్యూటర్‌కు కాపలా ఎవరు?

ఇంతకుముందు ఎపిసోడ్లలో ఎలగందుల కోట గురించి, ధూళికట్ట స్తూపం గురించి మాట్లాడుకున్నాం. ఈసారి అంత పాతది కాదు. సుమారు నలభై ఏండ్ల చరిత్ర ఇది. మన ఇంట్లో టేబుల్ సొరుగులోనో బీరువా మీదనో పడి ఉంటుంది చూడండి, యాంటీవైరస్ సీడీ డబ్బా. లోపల గీకితే నంబర్ వచ్చే కార్డు. దాని కథ.

ఇప్పటికీ కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరైనా, ఆదిలాబాద్ వినాయక్ చౌక్ దగ్గరైనా కొత్త ల్యాప్‌టాప్ కొంటే బిల్లులో ఇంకో లైన్ కలుస్తుంది. "యాంటీవైరస్ వేయించుకోండి సార్, లేకపోతే ఆగమైతది" అంటాడు దుకాణం పిలగాడు. సంవత్సరం తిరిగేసరికి మళ్లీ ఫోన్ చేస్తాడు, రెన్యువల్ అని. మధ్యలో కంప్యూటర్ స్లో అయిందని తీసుకుపోతే "క్లీనర్ ఒకటి ఏస్త" అంటాడు. ఇవన్నీ అవసరమా అని నన్ను చాలామంది అడుగుతారు. ఒరిజినల్ విండోస్ ఉండి, అప్‌డేట్లు ఆగకుండా వస్తుంటే, ఇంట్లో వాడే కంప్యూటర్‌కు అవసరం లేదు. ఇది నా జవాబు, ముందే చెప్పేస్తున్నా.

కానీ ఇక్కడితో వదిలేస్తే ఆ దుకాణాల వాళ్లకు అన్యాయం చేసినట్టయితది. ఎందుకంటే దాదాపు పదిహేనేండ్ల పాటు వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. అప్పుడు ఎందుకు నిజమైంది, తర్వాత ఎందుకు కాకుండా పోయింది, నాకు ఆసక్తి ఉన్నది అక్కడ.

మొదట మన పొరుగు నుంచే మొదలుపెడదాం. ఐబీఎం పీసీలకు సోకిన మొదటి వైరస్‌గా చెప్పుకునే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. బాసిత్, అంజద్ ఫరూఖ్ అల్వీ అని ఇద్దరు అన్నదమ్ములు, కంప్యూటర్ దుకాణం వాళ్లు. తాము రాసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ను జనం కాపీ కొడుతున్నారని, ఆ కాపీదార్లను పట్టుకోవడానికి రాశామని చెప్పారు. అందులో తమ పేర్లు, దుకాణం అడ్రసు, ఫోన్ నంబర్ కూడా పెట్టారు! దొంగతనానికి వచ్చినవాడు గోడ మీద ఇంటి నంబర్ రాసి పోయినట్టు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి అది ప్రపంచమంతా తిరిగింది. గమనించండి, ఈ కథ మొదటి రోజు నుంచే వైరస్, దొంగ కాపీ రెండూ ఒకదాని పక్కన ఒకటి నడుస్తున్నాయి. మన జిల్లాలకు వచ్చేసరికి ఆ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి.

'విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ చాలదా' అనే ప్రశ్న కూడా కొత్తదేం కాదు. 1993లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్ డాస్ 6తో పాటే ఒక యాంటీవైరస్ ఇచ్చింది. సొంతంగా రాసింది కాదు, సెంట్రల్ పాయింట్ అనే కంపెనీ దగ్గర తీసుకున్నది. దాంతో వచ్చిన తంటా ఏమంటే, కొత్త వైరస్‌ల జాబితా విడిగా తెప్పించుకోవాలి. ఇంటర్నెట్ లేని కాలం. ఎంతమంది తెప్పించుకుంటారు? కొన్ని నెలలకే అది పాత దొంగల ఫోటోలు పట్టుకొని తిరిగే పోలీసు లెక్క అయిపోయింది. విండోస్ 95 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసింది. ప్రోగ్రాం ఎంత గొప్పదైనా కావచ్చు, అప్‌డేట్ చేరకపోతే లేనట్టే. ఈ ముక్క జర గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

ఆ ఖాళీలోకే మన దేశపు కంపెనీలు వచ్చాయి. మద్రాసులో కేశవర్ధనన్ 1991లో కే7 మొదలుపెట్టారు. పుణెలో కైలాష్ కాట్కర్ అనే ఆయన క్యాలిక్యులేటర్లు రిపేరు చేసే దుకాణం నడిపేవాడు. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. తర్వాత కంప్యూటర్లు కూడా రిపేరుకు రావడం మొదలైంది, చూస్తే వాటిలో వైరస్‌లు. కంప్యూటర్ చదువుకుంటున్న తమ్ముడు సంజయ్ వాటిని తీసే చిన్న చిన్న టూల్స్ రాశాడు. అవి కలిపి 1995 ప్రాంతంలో 'క్విక్ హీల్' అయింది. 2007లో కంపెనీ పేరే అది పెట్టుకున్నారు, 2016లో షేర్ మార్కెట్‌కు వెళ్లారు. రిపేరు టేబుల్ మీద పుట్టిన వస్తువు కాబట్టి రిపేరు దుకాణాల ద్వారానే ఊరూరా చేరింది. అమెరికా కంపెనీ డబ్బా కొంటే సందేహం వచ్చినప్పుడు ఎవరిని అడగాలి? మన డబ్బా అమ్మినవాడు బండేసుకొని ఇంటికే వచ్చేవాడు. అతనికి అమ్మకం మీద కమిషన్ ఉండేది, నిజమే. కానీ పనీ చేసేవాడు.

ఇక మన ఊళ్లల్లో ఇండ్లల్లకు కంప్యూటర్లు వచ్చిన కాలం గుర్తు చేసుకుందాం. 2000 తర్వాత అనుకోండి. కరీంనగర్ వాళ్లు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి సామాను తెచ్చి అసెంబుల్ చేసేవాళ్లు. ఆదిలాబాద్ వాళ్లకు నాగ్‌పూర్ దగ్గర, కొందరు అటు పోయేవాళ్లు. మదర్‌బోర్డ్, ర్యామ్, హార్డ్‌డిస్క్, మానిటర్, అన్నిటికీ బిల్లు ఉండేది. విండోస్‌కు మాత్రం ఉండేది కాదు. మార్కర్‌తో 'ఎక్స్‌పీ' అని రాసిన సీడీ ఒకటి దుకాణంలో ఉండేది, అదే ఊరందరికీ. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు కూడా చాలాచోట్ల అదే దారి. తప్పొప్పుల తీర్పు నేనిప్పుడు చెప్పబోవడం లేదు. ఒరిజినల్ విండోస్ ధర అప్పటి గుమాస్తా జీతంలో ఎంత భాగమో లెక్కేస్తే సంగతి అర్థమైతది.

దీని పర్యవసానం చూడండి. 2006లో మైక్రోసాఫ్ట్ దొంగ కాపీలను గుర్తుపట్టే ఏర్పాటు ఒకటి అప్‌డేట్ల ద్వారా పంపింది. మీ విండోస్ నకిలీది అని మూలన హెచ్చరిక వచ్చేది. 2008లో ఇంకో అడుగు ముందుకేసి గంటకోసారి వెనక తెర నల్లగా మార్చేసింది. అప్పుడు ఇండ్లల్ల గోల. "అన్నా, మా కంప్యూటర్ నల్లగైంది, ఏదో చెయ్యి." దానికి మన మెకానిక్‌లు కనిపెట్టిన మందు చాలా సులభం. ఆటోమేటిక్ అప్‌డేట్స్ బంద్. ఫార్మాట్ కొట్టి, మొట్టమొదట చేసే పనే అది. ఊరు మొత్తం మీద వేల కంప్యూటర్లలో ఒకే చెయ్యి ఒకే బటన్ ఆపేసింది.

చేదు ఏమంటే, భద్రతకు సంబంధించిన ముఖ్యమైన అప్‌డేట్లు నకిలీ కాపీలకు కూడా ఆటోమేటిక్‌గా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ మాట ఇక్కడిదాకా వినపడలేదు. వినపడినా లాభం లేదు. నల్ల తెర వచ్చేదీ ఆ అప్‌డేట్ తలుపులోంచే, మందు వచ్చేదీ అందులోంచే. తలుపు మూస్తే రెండూ ఆగినై.

ఇప్పుడు పెద్ద పెద్ద దాడుల తేదీలు వరసగా చెప్తాను, వినండి. 2003 జూలై 16న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి మందు విడుదల చేసింది. ఆగస్టు 11న అదే లోపంలోంచి 'బ్లాస్టర్' వచ్చింది, కంప్యూటర్లు అరవై సెకన్ల లెక్క చూపించి వాటంతట అవే ఆగిపోయేవి. 2004 ఏప్రిల్ 13న ఇంకో మందు, నెలాఖరుకు 'సాసర్'. 2008 అక్టోబర్ 23న మందు, నవంబర్‌లో 'కాన్‌ఫికర్'. 2017 మార్చి 14న మందు, మే 12న 'వన్నాక్రై'. ప్రతిసారీ మందు ముందు, జబ్బు తర్వాత! అప్‌డేట్ అయిన కంప్యూటర్‌కు ఇవి ఆ దారిన సోకలేదు. దాడి చేసేవాళ్లు చాలాసార్లు మందు సీసా మీద రాసింది చదివే జబ్బు తయారు చేశారు. అప్‌డేట్ ఆపుకున్న మన ఇండ్లు వాళ్లకు తెరిచిన వాకిళ్లు.

అందుకే అంటున్నా, ఆ కాలంలో యాంటీవైరస్ డబ్బా నిజంగా అవసరమే. విండోస్ కంపెనీతో తెగిపోయిన సంబంధాన్ని అది కొంత అతికించింది. విండోస్ అప్‌డేట్ ఆగినా, డబ్బా కొన్నవాడికి వైరస్ జాబితా అప్‌డేట్ వచ్చేది. నెట్ లేని ఇండ్లకు మెకానిక్ ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసేవాడు. వెయ్యి రూపాయల లోపు ఖర్చుతో మనం కొన్నది ఆ తెగిన సంబంధానికి బదులు ఒక చిన్న దారి. కాన్‌ఫికర్ లాంటిదానికి అసలు తలుపే మూయలేదు, కానీ లోపలికి వచ్చిన చాలావాటిని పట్టుకునేది.

మన జిల్లాల్లో ఈ జబ్బులు ఏ దారిన తిరిగాయో అది కూడా చెప్పాలి. మొదటిది నెట్ సెంటర్. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండే ఊళ్లున్నాయి. భర్త అక్కడ, భార్యాపిల్లలు ఇక్కడ. ఆదివారం నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి యాహూ మెసెంజర్‌లో మాట్లాడుకునేవాళ్లు. 2006, 2007లో ఆ మెసెంజర్ ద్వారానే పాకే 'సోహనాడ్' రకం పురుగులు వచ్చాయి. తెలిసినవాళ్ల పేరుతో లింకు వస్తుంది, నొక్కితే అయిపోయింది. టాస్క్ మేనేజర్ తెరవబోతే, మీ అడ్మినిస్ట్రేటర్ దీన్ని ఆపేశాడని చెప్తుంది. ఎవరా అడ్మినిస్ట్రేటర్? ఎనిమిది కంప్యూటర్ల నెట్ సెంటర్ నడుపుకునే తమ్ముడు తల పట్టుకునేవాడు.

రెండో దారి పెన్‌డ్రైవ్. నా లెక్కలో మన దగ్గర అసలు మహమ్మారి అదే. స్కాలర్‌షిప్ ఫారాలు, హాల్ టికెట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, పెండ్లి ఫోటోలు, అన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఊరు తిరిగేవి. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోనే కదా. పల్లెల నుంచి పదో తరగతి మార్కుల మీద వచ్చిన పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. చాలా ఇండ్లల్లో, కొన్నిచోట్ల వాడ మొత్తంలో, మొదటి కంప్యూటర్ అదే. దసరా సెలవులకు వాళ్లు ఇంటికి వస్తే పెన్‌డ్రైవ్‌లు కూడా జమ్మి ఆకు లెక్క చేతులు మారేవి, సినిమాలు, పాటలు, వాటితో పాటు 'న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ'. అది చూడటానికి ఫోల్డర్, నొక్కితే వైరస్. ఇంకో రకం మీ ఫోల్డర్లన్నీ దాచేసి వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు పెట్టేది. ఫోటోలన్నీ పోయాయని ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లు. నిజానికి ఎక్కడికీ పోవు, కనపడకుండా ఉంటాయంతే. నల్ల తెర మీద 'అట్రిబ్' అని ఒక లైన్ కొడితే తిరిగొస్తాయి. ఆ ఒక్క లైన్ తెలిసినవాడు ఆ రోజుల్లో మా వీధిలో డాక్టర్ కింద లెక్క.

వీటిలో చాలావాటికి బలం 'ఆటోరన్'. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోది దానంతట అదే నడిచే సౌకర్యం. 2009లో వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు దాన్ని తీసేశారు. 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ ద్వారా తీసేశారు. మళ్లీ అదే మాట, అప్‌డేట్ ద్వారా. మనం మూసుకున్న తలుపు దగ్గర అది నిలబడిపోయింది. అందుకే మన జిరాక్స్ సెంటర్లలో పెన్‌డ్రైవ్ వైరస్‌లు ఆ తర్వాత కూడా ఏండ్ల తరబడి బతికాయి.

2009 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ 'సెక్యూరిటీ ఎసెన్షియల్స్' పేరుతో ఉచిత యాంటీవైరస్ ఇచ్చింది. ఉచితమే, కానీ ఒరిజినల్ విండోస్ ఉన్నవాళ్లకే. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఇవ్వలేదు. 2012లో విండోస్ 8తో 'డిఫెండర్' అసలు విండోస్‌లోనే భాగమైంది. అప్పట్లో మెకానిక్‌లు "ఫ్రీది ఎందుకూ పనికిరాదు సార్" అనేవాళ్లు, అది వ్యాపారం కోసం అన్న మాటే అనుకోకండి. 2012 చివర్లో జర్మనీకి చెందిన ఏవీ టెస్ట్ అనే పరీక్షా సంస్థ మైక్రోసాఫ్ట్ ఉచిత యాంటీవైరస్‌కు సర్టిఫికెట్ నిరాకరించింది. అదే సంస్థ 2019 నాటికి డిఫెండర్‌కు పద్దెనిమిదికి పద్దెనిమిది మార్కులు వేసింది. మధ్యలో మారిందేమిటి? ల్యాప్‌టాప్‌లు ఒరిజినల్ విండోస్‌తోనే దుకాణానికి రావడం మామూలైంది. విండోస్ 10లో ఇంట్లో వాడేవాళ్లు అప్‌డేట్లు పూర్తిగా ఆపడం కష్టమైంది. జియో వచ్చాక డేటా చవకైంది. తలుపు తెరుచుకుంది. డబ్బా మాత్రం బిల్లులో అలాగే ఉండిపోయింది.

ఇక క్లీనర్లు. వీటి మీద నాకు యాంటీవైరస్‌ల మీద ఉన్నపాటి గౌరవం కూడా లేదు. ఈ జాతికి పాత చరిత్ర ఉంది. 1995లో 'సాఫ్ట్‌ర్యామ్' అని ఒకటి అమ్మారు, ర్యామ్ రెండింతలు చేస్తుందని. లక్షల కాపీలు పోయాయి. విప్పి చూస్తే అది ఆ పని చెయ్యనే చెయ్యడం లేదు. అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ చర్య తీసుకున్నది. మన దగ్గర సర్వీసింగ్ అంటే ఒక పూజా విధానం ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది. రన్ తెరువు, టెంప్ కొట్టు, అన్నీ డిలీట్. పర్సెంట్ టెంప్ పర్సెంట్ కొట్టు, డిలీట్. ప్రీఫెచ్ కొట్టు, డిలీట్. మొదటి రెండూ నష్టం లేనివే. ప్రీఫెచ్ మాత్రం ప్రోగ్రాములు తొందరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకున్న చీటీలు. అవి చింపేస్తే తర్వాత కంప్యూటర్ ఇంకా నిదానంగా మొదలవుతుంది.

రిజిస్ట్రీ క్లీనర్ల సంగతి అంతకంటే పెద్ద వేషం. వెయ్యి తప్పులు దొరికాయని ఎర్ర అక్షరాలతో చూపిస్తుంది. వాటిని తీసేస్తే వేగం పెరిగినట్టు కొలిచి చూపించింది నాకు కనపడలేదు, మైక్రోసాఫ్ట్ కూడా వీటిని వాడటాన్ని సమర్థించదు. చెత్త ఫైళ్లు తీసే పని విండోస్ 98 నుంచి 'డిస్క్ క్లీనప్' చేస్తూనే ఉంది, 2017 నుంచి 'స్టోరేజ్ సెన్స్' దానంతట అదే చేస్తుంది. కంప్యూటర్ నిజంగా స్లో అయితే చాలాసార్లు కారణం పాత హార్డ్‌డిస్క్ లేదా చాలని ర్యామ్. సంవత్సరం క్లీనర్ పైసలకు కొన్ని కలిపితే ఒక ఎస్ఎస్‌డీ వస్తుంది. వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పైగా కాపలావాడే దొంగయిన సందర్భాలు ఉన్నాయి. అందరూ నమ్మిన 'సీక్లీనర్'నే తీసుకోండి. 2017 ఆగస్టు, సెప్టెంబర్‌లలో కంపెనీ అధికారికంగా ఇచ్చిన కాపీలోనే ఎవరో దొడ్డిదారి పెట్టేశారు. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లకు అది చేరింది. అదే ఏడాది జూలైలో ఆ కంపెనీని కొన్నది ఎవరనుకున్నారు? 'అవాస్ట్' అనే యాంటీవైరస్ కంపెనీ. ఆ అవాస్ట్ తన వాడకందార్లు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకున్నదని బయటపడి, 2020లో ఆ సంస్థను మూసేసింది. 2024లో అమెరికాలో 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. 2021లో నార్టన్ తన యాంటీవైరస్‌లో క్రిప్టో నాణేలు తవ్వే సౌకర్యం కూడా పెట్టింది. ఇంటి తాళంచెవి ఎంతమందికి ఇస్తున్నామో చూసుకోవాలి కదా. యాంటీవైరస్‌కు కంప్యూటర్‌లో అన్ని గదులకూ ప్రవేశం ఉంటుంది.

మరి ఎవరికీ అవసరం లేదా? చిన్న ఆఫీసులు, ట్యాలీ లెక్కలు పెట్టుకునే వ్యాపారాలు, పది కంప్యూటర్లు ఒకచోట నుంచి చూసుకోవాల్సినవాళ్లు కొనుక్కుంటే నేను కాదనను. అయితే వాళ్లకు కూడా ముందు బ్యాకప్ కావాలి. వన్నాక్రై వచ్చినప్పుడు 2017లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అలాంటి రోజున కాపాడేది వేరే డిస్క్‌లో తీసి, వైరు పీకి పక్కన పెట్టిన కాపీ ఒక్కటే.

ఇంకో రకం ఇండ్లున్నాయి. ఒరిజినల్ విండోస్ కాదు, 'యాక్టివేటర్' వేసి నడిపిస్తున్నారు. ఆ యాక్టివేటర్ వెయ్యాలంటే ముందు డిఫెండర్‌ను ఆపమని వాళ్లే చెప్తారు. కాపలా కుక్కను కట్టేసి కొత్తవాణ్ని లోపలికి పిలవడం అది. ఆ తర్వాత ఎంత ఖరీదైన డబ్బా తెచ్చి వేసినా, లోపల కూర్చున్నవాడిని మీరే అనుమతించారు. యాక్టివేటర్‌ను వదిలిపెట్టమని పట్టుకుంటే మనమే చెప్తాం, మనవాడే అని.

ఇప్పుడు అసలు తొందరపడాల్సిన విషయం ఇంకొకటి వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మన దగ్గర ఏడెనిమిదేండ్ల పాత ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నో విండోస్ 11కు పనికిరావు, ప్రాసెసర్ పాతది. అంటే మళ్లీ 2008 నాటి పరిస్థితి, తలుపు మూతపడ్డ ఇండ్లు. దుకాణంలో "యాంటీవైరస్ ఉంటే చాలు, పదిని అట్లనే నడిపియ్యి" అంటారు. ఒప్పుకోకండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే అక్కడే కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా అదే మిషన్ నడపాలంటే లినక్స్ మింట్ లాంటిది వేయించుకోండి, పిల్లల చదువుకు, బ్రౌజింగ్‌కు సరిపోతుంది. అది కూడా వద్దనుకుంటే కనీసం బ్యాంకు పనులు దాని మీద చేయకండి.

ఇప్పటికే డబ్బా కొని ఉంటే గడువు అయ్యేదాకా వాడుకోండి, పైసలు కట్టారు కాబట్టి. రెన్యువల్ ఫోన్ వచ్చినప్పుడు వద్దని చెప్పి, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. డిఫెండర్ దానంతట అదే మళ్లీ పనిలోకి వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి మాత్రం పెట్టకండి.

ఫోన్ల మాట అడుగుతారని తెలుసు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో ట్రాఫిక్ చలాన్ పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్లు ఈరోజు పెన్‌డ్రైవ్ వైరస్‌ల వారసులు. నొక్కి పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

వచ్చే ఎపిసోడ్‌లో మన డీటీపీ సెంటర్లు పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు ఎట్లా మారాయో, కొన్ని ఎందుకు మారలేదో మాట్లాడుకుందాం.